కంటి తెలుపు

నూకాలమ్మ ముఖం గీయమని పిల్లల్ని కూర్చోబెడితే, క్లాసంతా కలిసి ఎవరో ముప్పయ్యేళ్ల పడుచును గీసి పెట్టారు.

నూకాలమ్మ ఒకప్పుడు విశాఖ జాలరిపేటలో చేపలమ్మేది. గంప మోసే ఓపిక పోయాక మా చిత్రకళా కళాశాలలో మోడల్‌గా కూర్చునేది. మాలాంటి వాళ్లకు ఆ ముఖం ఒక పండగ. ఎండకీ ఉప్పుగాలికీ కమిలిన చర్మం, నుదురంతా ముడతలు, ఒక పక్కకు జారిన పెదవి. ఆవిడను గీయడం వస్తే ఇంకెవరినైనా గీయొచ్చని ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్నాను. ఆ రోజు బల్లల మధ్య తిరుగుతూ చూస్తే ఒక్క కాగితంలోనూ ఒక్క ముడత లేదు. అన్నీ కోటేరు ముక్కులే, అన్నీ నున్నటి బుగ్గలే.

"ఏం గీశారర్రా ఇది? ఎదురుగా కూర్చున్న మనిషి కనబడ్డం లేదా?" అని కేకలేశాను.

"కనబడిందే గీశాం సార్. తెలిసింది గీయొద్దు, కనబడింది గీయండని మీరే కదా చెప్పారు" అంది ముందు బల్లలోని అమ్మాయి. పొగరుతో అన్న మాట కాదు. పాపం, దానికి నిజంగానే అర్థం కాలేదు.

నూకాలమ్మ లేచొచ్చి ఒక కాగితం చేతిలోకి తీసుకుని పకపకా నవ్వింది. "నా మనవరాల్ని గీసినారేటి బాబూ? అదెప్పుడొచ్చి కూకుందిక్కడ?"

పిల్లలెవరూ నవ్వలేదు. వాళ్లకు ఆ బొమ్మా ఆవిడా ఒక్కలాగే ఉన్నారు. అందరి కళ్లలోనూ సొగసుచుక్కలున్నాయి మరి. ఆ మందు కనిపెట్టింది మా ఆవిడే.

మా ఆవిడ హేమలత కాంతిశాస్త్రంలో డాక్టరేటు చేసింది. బీచి రోడ్డు పైన కొండమీదున్న ఒక ప్రయోగశాలలో పని. కాలిన గాయాల వార్డులో ఉన్నవాళ్లు తమ ముఖం తాము చూసుకుని బెదిరిపోకుండా ఏదైనా చేయాలన్నది కాగితాల మీద ఆ పరిశోధన ఉద్దేశం. అసలు కారణం మాత్రం మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మాయి ధరణిది నా పోలిక, నా రంగు. పదో తరగతిలో దానికి ముఖం నిండా మొటిమలు వచ్చి, పోతూ పోతూ గుంటలు మిగిల్చాయి. స్నానాల గది అద్దానికి తువ్వాలు కప్పేసింది. ఎవరింటికీ వచ్చేది కాదు, మాతో కూర్చుని తినేది కాదు. ఫోన్ పట్టుకుని మాత్రం గంటలకు గంటలు కూర్చునేది. ఒక ఫోటో తీసుకోవడం, దవడ సన్నం చేయడం, కళ్లు పెద్దవి చేయడం, గుంటలు పూడ్చడం, రంగు తేల్చడం. అలా దిద్దిన పిల్లకు ఊరంతా స్నేహితులు. దిద్దని పిల్లకు ఇంట్లో మేమిద్దరమే, మాతోనూ అంతంత మాత్రం. చిన్నప్పటి నుంచీ దాన్ని గీసే అలవాటు నాది. ఒకరోజు నా స్కెచ్ పుస్తకంలోంచి దాని బొమ్మలన్నీ చింపేసింది.

"నన్ను గీయకు నాన్నా. నువ్వు గీస్తే నేను నాలాగే ఉంటాను" అంది.

ఆ రాత్రి హేమ కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ, "ఫోన్‌లో ఉన్న పిల్ల అద్దంలో ఎందుకు ఉండకూడదండీ?" అని అడిగింది. నన్ను కాదు, తనను తానే అడుగుతోంది.

ఆ ప్రశ్నకు జవాబే సొగసుచుక్కలు. కంట్లో వేస్తే కంటిపాప మీద పల్చటి పొర పరుచుకుంటుంది. ఎదురుగా మనిషి రూపం కనబడితే చాలు, అది ప్రాణమున్న మనిషైనా, ఫోటో అయినా, కాగితం మీద బొమ్మయినా, ఆ పొర ముఖాన్నీ ఒంటినీ దిద్ది చూపిస్తుంది. మనిషి కానిదాని జోలికి పోదు. చెట్టు చెట్టులాగే ఉంటుంది, గోడ గోడలాగే ఉంటుంది. గాయాలున్నవాళ్లు కళ్లు నలుపుకుంటారని, కడిగినా చెరగకుండా చేసింది. వేయడం మానేస్తే నెలా నెలన్నరకు దానంతటదే కరిగిపోవాలి తప్ప ఇంకో దారి లేదు.

అయితే ఎలా ఉంటే బాగున్నట్టో ఆ మందుకు ఎవరో ఒకరు నేర్పాలి. బయటి దేశాల ముఖాలతో నేర్పి చూస్తే వార్డులో ఆయాలంతా దొరసానుల్లా కనబడ్డారట. హేమకు ఒళ్లు మండింది. "మన ముఖాలు మన ముఖాల్లాగే బాగుండాలి" అని శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా ఫోటో స్టూడియోల వాళ్లను బతిమాలి, పెళ్లి ఆల్బమ్‌లు తెప్పించి, లక్షల ఫోటోలతో నేర్పించింది. ఎంత మామూలు పిల్లయినా పెళ్లికూతురు చేసిన రోజున కళగా ఉంటుంది కదా అన్నది ఆవిడ లెక్క. భలే ఆలోచన అనిపించింది నాకు.

మొదట తన కళ్లలోనే వేసుకుంది. తర్వాత ధరణి కళ్లలో. పిల్ల స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మేమిద్దరం బయట నిలబడ్డాం. ఎంతసేపటికీ చప్పుడు లేదు. ఆ తర్వాత నవ్వు వినబడింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"అమ్మా, పళ్లు కూడా సరిగ్గా ఉన్నాయే!" అంటూ తువ్వాలు చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. ఆ పూట మా ఇద్దరి మధ్య కూర్చుని పప్పుచారు రెండోసారి వేయించుకుని తింది. అదంతా అబద్ధమని చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. కానీ పిల్ల నవ్వుతూ అన్నం తింటుంటే ఏ తండ్రికి నోరొస్తుంది?

మందు బజారులోకి వచ్చిన ఏడాదికే ఊరు ఊరంతా మారిపోయింది. వెనకటికి మా వీధిలో సాయంత్రం పూట "చుక్కేశావా?" అని గుసగుసగా అడిగితే అది వేరే సంగతి. ఇప్పుడు పొద్దున్నే పళ్లు తోముకోగానే అత్తగారు కోడల్ని అడుగుతోంది. టైలర్లూ, బ్యాంకుల వాళ్లూ, డాక్టర్లూ అందరూ వేసుకున్నారు. నేను మాత్రం వేసుకోలేదు. కనబడింది గీయడం నా వృత్తి, ఆ మందు వేసుకుంటే నా కూడు పోతుంది. "నువ్వొక్కడివే మమ్మల్ని వికారంగా చూసేది" అని ధరణి ఏడిపించేది. దానికి డిగ్రీలో సీటొచ్చింది, స్కూటీ నేర్చుకుంది, తలెత్తి నడిచేది. నాకదే చాలనిపించేది.

ఆ మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లి వచ్చింది. విజయనగరంలో పెళ్లి. నలుగు పెట్టే రోజు ఆడవాళ్లంతా ముఖాలకు పసుపు రాసుకుని ఒకటే గోల. ధరణి ఆ సందట్లోంచి లేచొచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. అలిసిపోయినట్టుంది. ఆ మధ్య అన్నం సరిగ్గా తినడం లేదు. చెప్పులు బిగుతయ్యాయని రెండుసార్లు మార్చింది, కొత్త జాకెట్టు టైలరు చిన్నది కుట్టాడని తిట్టింది.

"వదినా, మీ ధరణిని చూశావా? అప్పుడే పెళ్లికళ వచ్చేసింది!" అంది మా చెల్లెలు. అవునవునని అందరూ వంత పాడారు. హేమ మురిసిపోయింది.

వరండాలోకి ఎండ ఏటవాలుగా పడుతోంది. నేను ధరణి పక్కన కూర్చుని దాని కళ్లలోకి చూశాను. కంటి తెలుపు తెలుపుగా లేదు. నిమ్మపసుపులో చిటికెడు మట్టిరంగు కలిపితే వచ్చే పసుపు అది. ముఖం మీద పసుపు నలుగుది కావచ్చు, కళ్లలోకి ఎవరు నలుగు పెట్టారు? పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగి ఉన్నాయి.

"కాళ్లు వాచాయేమే తల్లీ?"

"ఎక్కడ నాన్నా?" అని వంగి చూసుకుంది. "బాగానే ఉన్నాయిగా. చెప్పులే బిగుతు."

ఇంటికొచ్చాక హేమతో చెప్పాను. ఆవిడ ధరణిని దీపం కిందకు పిలిచి, రెప్పలు పైకెత్తి, కిందకు లాగి చూసింది. "ముత్యాల్లా ఉన్నాయండీ కళ్లు. మీకు శుక్లాలొచ్చాయి. లోకమంతా పసుపుగా కనబడుతుందని మొన్న కంటి డాక్టరు చెప్పలేదూ?" అంది. ఆ మాట నిజమే. నా కళ్లకు శుక్లాలు మొదలయ్యాయి, తెల్లకాగితం కూడా కాస్త పచ్చగానే కనబడుతోంది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. ధరణిని వీధి చివర క్లినిక్కుకు తీసుకెళ్లాను. ఆ కుర్ర డాక్టరు నాలుక చూశాడు, కళ్లు చూశాడు, పొట్ట మీద నుంచి చూపు అలా పోనిచ్చాడు. "పర్ఫెక్ట్‌గా ఉంది సార్ మీ అమ్మాయి. కాస్త నీరసం, అంతే" అని బలం బిళ్లలు రాశాడు. రక్తపరీక్ష చేయించమని నేనంటే ధరణికి కోపమొచ్చింది.

"నేను బాగుండటం నీకిష్టం లేదు నాన్నా. ఎప్పుడూ ఏదో ఒక లోపం చూస్తావు."

ఆ మాట నన్ను కోసేసింది. అయినా దాన్ని కూర్చోబెట్టి నీటిరంగుల్లో గీశాను. లోతుకు పోయిన బుగ్గలు, పచ్చటి కళ్లు, ఉబ్బిన పొట్ట, ఏదీ దాచకుండా గీసి హేమ ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఇన్నేళ్లకు పిల్లని ఇంత అందంగా గీశారు" అని కళ్లు తుడుచుకుంది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. క్లాసులో జరిగిందే ఇంట్లోనూ జరిగింది. మనిషి బొమ్మ ఏది గీసినా ఆ పొర దిద్దేస్తుంది.

అలాంటప్పుడు మనిషిని గీయకూడదు. మర్నాడు పొద్దున్న ధరణిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కాగితపు పట్టీల మీద రంగులు కలిపి ఒక్కొక్కటీ దాని కంటి పక్కన పెట్టి చూశాను. రంగు పోల్చడానికి మేం చేసే పనే అది.

"ఏంటి నాన్నా, గోడకు సున్నం ఎంచుతున్నావా?" అని నవ్వింది. ఓపిక లేని నవ్వు.

పట్టీ రంగూ కంటి తెలుపూ తేడా తెలియకుండా కలిసిపోయేదాకా కలిపాను. ఆ ఒక్క పట్టీ పట్టుకుని ప్రయోగశాలకు వెళ్లాను. హేమ తన బల్ల దగ్గర ఉంది. కాగితం ముందు పెట్టాను.

"ఇది ఏ రంగు?"

"ఇదేం పరీక్ష? పసుపు. మురికి పసుపు."

"ధరణి కంటి తెలుపు ఇది."

"మళ్లీ మొదలుపెట్టారా? మీ శుక్లాలు..."

"నా కంట్లో శుక్లమే ఉందనుకో. కన్నునీ కాగితాన్నీ చూసింది ఆ ఒక్క కంటితోనే కదా! రెండూ ఒక్కలాగే ఉన్నాయి. నీ కంటికి ఈ కాగితం పసుపుగా ఉంటే దాని కన్ను కూడా పసుపుగానే ఉండాలి. తెల్లగా ఎందుకు కనబడుతోందో నువ్వు చెప్పు హేమా."

శాస్త్రం తెలిసిన మనిషి. రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. కాగితం వంక, నా వంక చూసి, కంప్యూటరు తెరిచి పాత ఆల్బమ్‌లు పైకి తీసింది. వరసలు వరసలుగా పెళ్లికూతుళ్లు. నలుగు పెట్టినవాళ్లు, మంగళస్నానానికి కూర్చున్నవాళ్లు, ముఖానికీ చేతులకూ పాదాలకూ పసుపు పూసుకున్నవాళ్లు. ఆ ఫోటోలు అమ్మే ముందు స్టూడియోల వాళ్లు ప్రతి కంటినీ తెల్లగా దిద్దుతారు, ప్రతి నడుమునూ సన్నం చేస్తారు. అది వాళ్ల పని. కామెర్ల పచ్చదనం ఆ పొరకు పెళ్లికళగా కనబడింది. కళ్లను తెల్లగా దిద్దింది, నీరు పట్టిన ఒంటిని సన్నం చేసింది.

"పచ్చటి ముఖం మంచి ముఖమని నేనే నేర్పానండీ" అంది హేమ. "అవి కామెర్లని ఆ పొరకు తెలియదు. నేను చెప్పలేదు."

ఆ మధ్యాహ్నమే పెద్దాసుపత్రిలో చేర్పించాం. రక్తపరీక్ష ఫలితం చేతిలో పట్టుకుని వచ్చిన పెద్ద డాక్టరు ధరణి వంక చూసి, కాగితం వంక చూసి, మళ్లీ ధరణి వంక చూశాడు. "ఇది ఈ అమ్మాయిదేనా?" అని నర్సును అడిగాడు. తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచాడు. కాలేయం చాలావరకు పాడైపోయిందట. ఇది నిన్నమొన్నటిది కాదట. "ముందే వచ్చుంటే మందులతో పోయేది. చూస్తే ఏమీ తెలియడం లేదమ్మా, నాకు కూడా" అన్నాడు తల వంచుకుని. ఇక మార్పిడి ఒక్కటే దారి అన్నారు. నాది సరిపోలేదు, హేమది సరిపోలేదు. ఇంకెవరిదైనా దొరికేదాకా ఆగమన్నారు.

హేమ ఆ రోజు నుంచి చుక్కలు మానేసింది. పొర అంత తొందరగా పోతుందా! సబ్బునీళ్లతో కడుక్కుంది, ప్రయోగశాలలో ఏవేవో ద్రావకాలు కళ్లలో పోసుకుని రెప్పలు వాచి వచ్చింది. తను తయారు చేసినది తన చేతికే లొంగలేదు. మంచం పక్కన కూర్చుని బిడ్డ చెయ్యి పట్టుకునేది. ఆ చెయ్యి ఎముకల గూడులా తగిలేది. కళ్లెత్తి చూస్తే నిగనిగలాడే పెళ్లికూతురు. పొద్దున్నే నన్ను వరండాలోకి తీసుకెళ్లి అడిగేది.

"ఇవాళ ఎలా ఉందండీ?"

"నిన్నటికన్నా ముదురు పసుపు. కళ్ల కింద నలుపు. పెదవులు పగిలాయి."

"నొప్పిగా ఉన్నట్టుందా?"

"ఉంది."

"నాకు నవ్వుతున్నట్టు కనబడుతోందండీ" అని గోడవైపు తిరిగేది.

ధరణి మాత్రం చుక్కలు మానలేదు. మానమని చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. చివరి వారంలో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి గీయమంది. ఇన్నేళ్ల తర్వాత అదే అడిగింది. "ఈసారి ఉన్నదున్నట్టు గీయి నాన్నా, పర్లేదు" అంది. నేను బొగ్గుముక్కతో ఉన్నదున్నట్టే గీశాను. ఒక్క గీత కూడా మెత్తబరచలేదు. కాగితం చూసి సంతోషపడింది.

"చూశావా, ఎంత బాగున్నానో! ఇంకెందుకేడుస్తావు?" అని నా చెంప తుడిచింది. మరో రెండు రోజులకు పోయింది. పోయేటప్పుడు కూడా ఫోన్ అద్దంలో తనను తాను చూసుకుంటూనే ఉంది.

కర్మ నాటికి ఫోటో కావాల్సి వచ్చింది. దాని ఫోన్లో వేల ఫోటోలున్నాయి, అన్నీ దిద్దినవే. మా చెల్లెలు వాటిలో ఒకటి ఎంచి పటం కట్టించి దండ వేసింది. వచ్చినవాళ్లంతా ఆ పటం చూసి బావురుమన్నారు. నాకు అందులో నా కూతురు కనబడలేదు. హేమ కూడా ఏడవలేదు. ఆసుపత్రిలోనూ ఏడవలేదు, శ్మశానం నుంచి మేం తిరిగొచ్చినప్పుడూ ఏడవలేదు.

"అది నేను తయారు చేసిన ముఖమండీ. దాన్ని చూసి ఎలా ఏడవను? ఈ పొర పోనివ్వండి. నా బిడ్డను చూసి ఏడుస్తాను" అంది.

లోకం దాని పని అది చేసుకుంటూనే ఉంది. మందులో ఉన్న తప్పేంటో హేమ రాసి పంపితే, అమ్మే కంపెనీ సీసా మీద చీమతలకాయంత అక్షరాలతో ఒక హెచ్చరిక అచ్చు వేసి ఊరుకుంది. అమ్మకాలు తగ్గలేదు. మా కళాశాలలో మోడళ్లను తీసేశారు, ఎవరిని కూర్చోబెట్టినా పిల్లలు గీసేది ఒకే ముఖం కాబట్టి. నూకాలమ్మ వెళ్లిపోతూ, "నన్ను సూసే కళ్లు ఇంక నీయేగదా బాబూ" అంది. నా కళ్లకు కూడా ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. ఎవరిని చూడ్డానికని నేనే వాయిదా వేస్తున్నాను.

ఒకరోజు పొద్దున్న హేమ వంటింట్లోంచి నెమ్మదిగా నడిచొచ్చింది. నా ముఖం వంక వింతగా చూసింది. "మీరు ఇంత ముసలివారైపోయారా?" అంది. పొర పోయిందని అర్థమైంది. బీరువాలోంచి ఆసుపత్రిలో గీసిన బొమ్మ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. కిటికీ దగ్గర కూర్చుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, గుండె చిక్కబట్టుకుని, కాగితం ఒళ్లో పరుచుకుని చూసింది.

చూస్తూనే ఉంది. ఎముకలు తేలిన ఆ బుగ్గల మీద, పాత మొటిమల గుంటల మీద, పగిలిన పెదవుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. గుర్తుపట్టాలని ఎంత ప్రయత్నిస్తోందో నాకు తెలుస్తూనే ఉంది. చుక్కలు వేసుకున్నప్పటి నుంచీ చూసిన ముఖం వేరు. ఆ ముఖానికి తినిపించింది, జడలేసింది, దాన్నే ఆసుపత్రిలో చూసింది. చివరికి తలెత్తింది.

"ఎవరండీ ఈ అమ్మాయి?" అని అడిగింది. నన్ను బాధపెట్టాలని కాదు, నిజంగానే అడిగింది.

ఎవరో ఆవిడకు తెలియనిదేం కాదు. లేచి, ధరణి గదిలోకి వెళ్లి, బల్ల సొరుగులో మిగిలిపోయిన సీసా తెచ్చుకుంది. తల వెనక్కి వాల్చి రెండు కళ్లలోనూ చుక్కలు వేసుకుంది. పొర పరుచుకునేదాకా రెప్పలు మూసుకుని కూర్చుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాల్సిందేమో, ఆపలేదు. తర్వాత కళ్లు తెరిచి, ఒళ్లో ఉన్న అదే బొమ్మను మళ్లీ చూసింది.

"ధరణీ, నా తల్లీ" అంది. అప్పుడు ఏడ్చింది.